ఈడొకటి, ఆడొకటి

నిన్న మధ్యాహ్నం ఆయన రాసిన మెథడ్ ఒకదాన్ని తీసేశాను. నూట నలభై వరుసలు. తీసే ముందు ఎన్నూరు ల్యాబుకు మూడుసార్లు ఫోన్ చేశాను. పాత మెషీన్ నిజంగానే పోయిందా, పురసవాక్కం ల్యాబులో ఉన్నటువంటిదే అక్కడికీ వచ్చిందా అని అక్కడి టెక్నీషియన్ మేరీ అక్కను అడిగిందే అడిగాను. మూడోసారికి ఆవిడకు విసుగు పుట్టి, కొత్త మెషీన్ పక్కన తనే నిలబడి ఫొటో తీయించుకుని పంపింది. అప్పటిదాకా నాకు ధైర్యం రాలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మెథడ్ అంటే ప్రోగ్రాములో ఒక పనికి ఒక పేరు పెట్టి రాసుకునే ముక్క. ఒకే ముక్కను రెండుచోట్ల రాసినా, ఏ ముక్కయినా కొండవీటి చాంతాడులా సాగినా పట్టి చూపించే టూల్ ఒకటి మా ఆఫీసులో ఉంది. మనుషులు చదవక్కర్లేదు, కోడ్ అంతా అదే చదివి తనకు నచ్చనిచోట ఎర్ర గుర్తు పెడుతుంది. ఆయన రాసిన రెండు మెథడ్లకు ఏడేళ్లుగా అది డూప్లికేట్ అని ఎర్ర గుర్తు పెడుతూనే ఉంది, నేను ఏడేళ్లుగా 'దీని జోలికి రావద్దు' అని పక్కన రాస్తూనే ఉన్నాను. నిన్నటితో అవి నిజంగానే డూప్లికేట్లయ్యాయి. ఒకటి తీసేసి, గుండెల మీంచి బరువు దిగిపోయి, క్యాంటీనుకు వెళ్ళి ఒక్కదాన్నే కాఫీ తాగాను. ఆయన ఉంటే అడిగి తీసేదాన్ని. పోయి రెండేళ్లయింది. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మరి లేవలేదట.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేర్ల దగ్గర ఆయనకూ నాకూ ఒకసారి జరిగింది చాలు.

మా ఆఫీసు తమిళుల రాజధానిలో, షోళింగనల్లూరులో. చిన్న చిన్న రక్తపరీక్ష ల్యాబులకు రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మాది. నేను తణుకు నుంచి వచ్చి చేరేసరికి ఆయనకు యాభై ఆరో ఏడో. రివాల్వింగ్ కుర్చీలో కూడా మఠం వేసుకునే కూర్చునేవారు. చెప్పులు టేబుల్ కింద ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు. క్లయింట్లు వచ్చినా కాళ్ళు దించేవారు కాదు, కుర్చీయే వాళ్ళవైపు తిరిగేది. ల్యాబులో పాడైన రిపోర్టు కాగితాలు కట్టగట్టి తెచ్చుకుని, వాటి వెనక కోడ్ రాసి, ఎర్ర పెన్నుతో కొట్టేసి, మళ్ళీ రాసి, ఆ తరవాతే టైప్ చేసేవారు. అదీ రెండు వేళ్ళతో. ఆ రెండు వేళ్ళూ మా పది వేళ్ళ కంటే ముందు పని ముగించేవి, ఆ సంగతి మాకు బొత్తిగా నచ్చేది కాదు.

ఆయనది తెలుగే. అయితే నేను మొదటి వారమంతా తమిళమనుకున్నాను. "మాది పురసవాక్కం పాపా. మా తాతకి తాత నెల్లూరు కాడినుంచి వచ్చినాడంట. ఎందుకొచ్చినాడో ఎవురికీ తెల్దు. వచ్చినాక తిరిగి పోను మనసు రాలా, అంతే దా" అన్నారు నేను అడిగినప్పుడు. మాటను నొక్కడానికి తమిళంలో తగిలించే 'దా' ఆయన తెలుగులోనూ దొర్లేది. ఆడపిల్లలందరినీ పాపా అనే పిలిచేవారు, మా మేనేజరమ్మను కూడా. ఆవిడ తమిళావిడ, మొదట్లో ముఖం చిట్లించేది, తరవాత అలవాటు పడింది.

ఆయన కోడ్ చూడటం ఒక వినోదం. లోకమంతా కోడ్‌లో పేర్లు ఇంగ్లీషులో పెడుతుంది. ఆయన తన ఇంట్లో మాట్లాడే భాషలో పెట్టేవారు, ఇంగ్లీషు అక్షరాలతో. లెక్క ఎక్కడ ఆపాలో చెప్పే గుర్తుకు పేరు 'పోదుం'. అంటే తమిళంలో చాలు అని. రెండోసారి ప్రయత్నించే ముక్కకు పేరు 'ఇంకోసారి పో'. వివరణ మాత్రం ఒక్క ముక్క రాసేవారు కాదు. ఎందుకు రాయరు సార్ అంటే, "పేరు పెట్టినా కదా, అప్పురం ఏంది?" అనేవారు. అప్పురం అంటే తరవాత అని.

నేను చేరిన ఏడాదే పెద్ద క్లయింటు ఒకరు వచ్చి, మీ కోడ్ శుభ్రంగా ఉందని ఆ టూల్ చెబితేనే కొంటామన్నారు. మా మేనేజర్ ఆ పని నాకు అప్పగించింది. టూల్ తిప్పాను. నాలుగొందల చిల్లర ఎర్ర గుర్తులు, అందులో మూడొంతులు ఆయన ఫైళ్ళలోనే. సంగతి ఆయనకు ఎవరో మోసేశారు. మధ్యాహ్నం కుర్చీ నావైపు తిరిగింది.

"ఏం పాపా, మా ఇంటికొచ్చి చెత్త వెతుకుతా ఉండావంట."

"నేను కాదు సార్, టూల్."

"టూలుకి కాళ్ళుండాయా? నువ్వు తోలితే దా వచ్చింది." ఎర్ర గుర్తుల జాబితా పైనుంచి కిందికి ఒకసారి చూసి, "అది శానిటరీ ఇన్‌స్పెక్టర్ మాదిరి. వస్తాడు, ముక్కు మూసుకుంటాడు, రాసుకోని పోతాడు. ఊడ్చేది మనమే దా. రా, ఊడస్తాం" అన్నారు.

నేను పోట్లాటకు సిద్ధపడి కూర్చున్నాను. ఆయన చీపురు పట్టుకొచ్చినట్టు ఎర్ర పెన్ను తీశారు.

ముందు పొడుగు మెథడ్ పట్టాం. వెయ్యి వరుసలు దాటింది అది. టూల్ లెక్క ప్రకారం అరవై దాటకూడదు. అరవైకి ఒకచోట నరికేద్దాం సార్ అన్నాను, ఏదో గొప్ప ఉపాయం చెప్పినట్టు. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు.

"అరవైకి నరికితే, సూది గుచ్చినాక దూది పెట్టేలోపలే తెగుతాది పాపా. వాడు చెయ్యి పట్టుకోని అట్లే నిలబడాలి. ఇది పేషెంటు కత. తలుపు తోసుకోని వచ్చిన కాడినుంచి కాయితం చేతికిచ్చే దాకా. వాడు యాడ కూర్చుంటాడో ఆడ నరుకు."

నాకు అర్థం కాలేదు. మర్నాడు నన్ను పురసవాక్కం ల్యాబుకు తీసుకెళ్ళి, పూటంతా ఒక మూల నిలబెట్టారు. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో రాసుకోమన్నారు. డబ్బు కట్టాక బెంచీ మీద ఒకసారి, రక్తం ఇచ్చే కుర్చీలో ఒకసారి, దూది అదుముకుంటూ ఒకసారి, కాగితం కోసం మళ్ళీ ఒకసారి. నాలుగుచోట్ల కూర్చున్నారు. మెథడ్ ఆ నాలుగుచోట్లా తెగింది. చిత్రమేమిటంటే, ఎక్కడా రక్తం కారలేదు. ప్రతి ముక్కా తన పని తను చేసుకుంటోంది. ఆ ముక్కల్ని మళ్ళీ అలాగే చిన్నవి చేసుకుంటూ వెళ్ళాం. టూల్ ఆకుపచ్చ గుర్తు చూపించినప్పుడు ఆయన మొహం చూడాలి. "మీ ఇన్‌స్పెక్టర్ మంచోడే పాపా, సుమ్మా ఊరికే తిట్టుకున్నాం" అన్నారు. ఇప్పటికీ ఏ పొడుగు మెథడ్ చూసినా, ఇందులో మనిషి ఎక్కడ కూర్చుంటాడా అనే ముందు వెతుకుతాను. నా దగ్గర నేర్చుకునేవాళ్ళు దీన్ని నా చాదస్తం అనుకుంటారు.

ఆయన చాదస్తం ఇంకొకటి ఉండేది. రోజూ పొద్దున తొమ్మిది ముప్పావుకు ఎన్నూరు ల్యాబుకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టేవారు. అది పురసవాక్కం ల్యాబు డాక్టరుగారిదే, రెండో ల్యాబు. అక్కడ టెక్నీషియన్ మేరీ అక్క ఒక్కతే అన్నీ చూసుకునేది.

"మేరమ్మా, ఏదో ఒకటి చదువు."

మేరీ అక్క ముందురోజు ఇచ్చిన రిపోర్టుల్లో చేతికందింది తీసి, రోగి పేరు వదిలేసి, మిగతాదంతా పైనుంచి కిందికి చదివేది. అంకె హద్దు దాటితే పక్కన నక్షత్రం గుర్తు పడుతుంది. అది కూడా "నక్షత్రం" అని చదవాలి. ఆయన కళ్ళు మూసుకుని ఊఁ కొట్టేవారు. మేము టీ కప్పుల చాటున ఆ ఊఁ ని అనుకరించి నవ్వుకునేవాళ్ళం. నేనైతే చాలా బాగా అనుకరించేదాన్ని. స్క్రీన్ మీద చూస్తే సరిపోదా సార్ అని ఒకసారి అడిగాను. "స్క్రీన్‌లో అన్నీ అందంగానే ఉంటాయి. నోట్లో పెట్టుకుంటే దా ఉప్పు తెలిసేది" అన్నారు. ముసలాయన గొడవ మనకెందుకులే అని ఊరుకున్నాను.

ఎర్ర గుర్తులు కరిగిపోతూ వచ్చాయి. శుక్రవారానికి క్లయింటు చూడాలి. ఆ వారం సోమవారం నుంచి ఆయన మూడు రోజులు సెలవు, వేలూరులో చెల్లెలి కూతురి పెళ్ళి. ఆయన వెళ్ళేసరికి రెండే గుర్తులు మిగిలాయి. కిడ్నీ పరీక్ష రిపోర్టు రాసే రెండు మెథడ్లు. నూట నలభై వరుసలు అచ్చంగా ఒకటే, ఒక్క వరుస తప్ప. ఆ ఒక్క వరుసలో హద్దు ఉంది. ఒకదాంట్లో కాస్త ఎక్కువ, ఇంకోదాంట్లో కాస్త తక్కువ. ఎక్కువ ఉన్న మెథడ్ పేరు 'ఈడ'. తక్కువ ఉన్నదాని పేరు 'ఆడ'.

మా గోదావరి బుర్ర ఎలా పనిచేసిందో చెబుతాను, నవ్వకండి. ఆడ అంటే ఆడవాళ్ళు. ఇందులో అనుమానమేముంది? మరి ఈడ? మా వైపు వీడు అనేదాన్ని ఈడు అంటారు. ఈడు అంటే మగాడు. మగవాళ్ళకు హద్దు ఎక్కువ, ఆడవాళ్ళకు తక్కువ. ఏ ల్యాబు రిపోర్టు చూసినా అలాగే ఉంటుంది. అంకెలు కూడా అతికినట్టు సరిపోయాయి. ముసలాయన ఎంత మొరటుగా పేర్లు పెట్టాడో అని నాలో నేనే మురిసిపోయాను. రెండు మెథడ్లనూ కలిపి ఒకటి చేసి, రోగి మగవాడైతే ఈ హద్దు, ఆడమనిషైతే ఆ హద్దు అని ఒక్క వరుస రాశాను. పరీక్ష కోసం పది నమూనా రిపోర్టులు కూడా నేనే తయారుచేసుకున్నాను. తప్పూ నాదే, పరీక్షా నాదే, మరి పాసవకుండా ఎలా ఉంటుంది?

ఆయనకు ఫోన్ చేసి ఒక్క మాట అడిగి ఉండొచ్చు. పెళ్ళిలో ఉన్న మనిషిని ఎందుకు కదిలించడం అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆయన లేకుండా నేనే ముగించానని అనిపించుకోవాలని ఉంది. మేనేజర్ ఆకుపచ్చ గుర్తు చూసి, శభాష్ అని, బుధవారం పొద్దున రెండు ల్యాబులకూ పంపించేసింది.

గురువారం ఆయన వచ్చారు. అందరికీ పెళ్ళి లడ్డు పంచి, మఠం వేసుకుని, తొమ్మిది ముప్పావుకు ఫోన్ చేశారు. మేరీ అక్క చదువుతోంది. మగ, నలభై ఎనిమిది. షుగర్, నక్షత్రం. తరవాత కిడ్నీ అంకె చదివి, పక్క పేజీకి వెళ్ళిపోయింది.

"ఆగు. నక్షత్రం చదవలా నువ్వు."

"లేదు సార్, నక్షత్రం పడలా."

"హద్దు ఎంత వేసుండాది?"

మేరీ అక్క చెప్పింది. ఆయన కళ్ళు తెరిచారు. కాళ్ళు కుర్చీలోంచి కిందికి దిగాయి. అవి దిగడం నేను చూడటం అదే మొదలు.

"అది ఈడది కదా. ఆడికెట్ల పోయింది?"

రోజూ ఆయన నోట వినే మాటలే అవి. ఈడ కూర్చో పాపా, ఆడ పెట్టు పాపా. నా చెవికి ఎప్పుడో తెలుసు. ఇంగ్లీషు అక్షరాల్లో చూసిన నా కంటికి మాత్రం తెలియలేదు. ఈడ అంటే ఇక్కడ, పురసవాక్కం. ఆడ అంటే అక్కడ, ఎన్నూరు. రెండు ల్యాబుల్లో రెండు రకాల మెషీన్లు. ఎన్నూరు మెషీన్ అదే రక్తానికి కొంచెం తక్కువ అంకె చూపిస్తుంది, కాబట్టి అక్కడ హద్దు కూడా తక్కువ ఉండాలి. ఆ ల్యాబుల్లో ఈ పరీక్షకు మగా ఆడా తేడాయే పెట్టుకోలేదు.

"ఈ మనిషి ఎవురు మేరమ్మా?" అని అడుగుతున్నారు ఆయన.

యేసుపాదం అని, తెలుగువాడేనని, పోర్టు దారిలో లారీ షెడ్డులో వెల్డింగు పని చేస్తాడని మేరీ అక్క చెప్పింది. కడుపునొప్పికి స్కానింగు రాశారు. స్కానింగులో ఇంజెక్షను ఎక్కించాలి కాబట్టి కిడ్నీ రిపోర్టు తెమ్మన్నారు. నిన్న సాయంత్రం పట్టుకెళ్ళాడు. స్కానింగు ఈ రోజు పదకొండింటికే, సెంట్రల్ స్టేషన్ వైపున్న పెద్ద ఆసుపత్రిలో.

ఆ ఇంజెక్షను మామూలు మనిషిని ఏమీ చేయదు. కిడ్నీ దెబ్బతిన్నవాడికి, అందులోనూ షుగరున్నవాడికి, ఉన్న కాస్త కిడ్నీ కూడా పోవచ్చు. మా రిపోర్టు మాత్రం ఇతనికి ఏమీ లేదు, నిక్షేపంగా ఎక్కించుకోండి అని చెబుతోంది. రాసింది నేను.

"సార్, నేనే కలిపాను" అన్నాను.

"సరే. సీక్రం పాతది తిరిగి పెట్టు. నిలబడి ఏడ్చే పని అప్పురం."

ఐదు నిమిషాల్లో పాత కోడ్ వెనక్కి పెట్టాను. ఆలోగా మేరీ అక్క యేసుపాదం నంబరుకు చేస్తే అతని భార్య ఎత్తింది. ఫోను ఇంట్లో పెట్టి పోయినాడంది. ఆసుపత్రి నంబరు మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తరు. "మేరమ్మా, నువ్వు ఆడే ఉండు. నిన్నట్నుంచి ఇచ్చిన రిపోర్టులన్నీ తీసి మళ్ళీ చూడు. ఆ మనిషి కాయితం సరిచేసి నా ఫోనుకి పంపు" అని, పురసవాక్కానికీ అదే చెప్పి, ఆయన చెప్పులు వెతుక్కున్నారు. నేను కూడా లేచాను. వద్దనలేదు.

టాక్సీ ఎక్కేసరికి పదీ పది. ఆ రోడ్డు సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. ప్రతి సిగ్నలూ మా కోసమే ఎర్రబడింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆసుపత్రికి ఫోన్ చేస్తూ, కట్ చేస్తూ, మళ్ళీ చేస్తూ, మధ్యలో ఒకసారి మాత్రం "పొద్దున ఏమన్నా తిన్నావా?" అని అడిగారు. తిన్నానని అబద్ధం చెప్పాను. ఆ మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. నలభై ఎనిమిదేళ్ళ వెల్డరు, ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళిన మనిషి. అడయారు దాటేటప్పుడు పదకొండయింది. దేవుడా, ఇతనికేమీ కాకుండా చూడు, ఉద్యోగం మానేసి ఇంటికి పోతాను అని మొక్కుకున్నాను. నాకు మొక్కుకునే అలవాటే లేదు.

ఆసుపత్రిలో దిగేసరికి పదకొండున్నర. ఆయన పరిగెత్తారు. ఆ వయసు మనిషి చెప్పులు చేతపట్టుకుని, చొక్కా జేబు అదుముకుని, నాకంటే ముందు పరిగెత్తారు. స్కానింగు గది తలుపు మూసి ఉంది, పైన ఎర్ర లైటు వెలుగుతోంది. తలుపు దగ్గరి ఆయా అడ్డం వస్తే, తమిళంలో ఏదో గడగడా చెప్పారు. ఆవిడ చెయ్యి వరండా చివరకు చూపించింది.

వరండా చివర మెట్టు మీద ఒక బక్కపల్చటి మనిషి ఫైలు ఒళ్ళో పెట్టుకుని, అలిగిన పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నాడు.

"నువ్వు యేసుపాదమా?"

"అవును సార్."

"స్కానింగు అయిపోయిందా? ఇంజెక్షను వేసినారా?"

"యాడ సార్. నర్సమ్మ తిట్టి బయటికి తోసేసింది. పొద్దున్నే ఏమీ తినకూడదంట. నాకు తెల్దు. పొంగలు తినేసినా."

"పొంగలు ఒకటేనా?"

యేసుపాదం కాస్త తలొంచుకున్నాడు. "రెండు వడలు కూడా" అన్నాడు.

ఆయన అక్కడే, ఆ మెట్టు మీదే, అతని పక్కన కూలబడ్డారు. నవ్వుతున్నారో ఆయాసపడుతున్నారో తెలియలేదు. అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, "ఇంకో రెండు తినుంటే కూడా తప్పులేదు నాయనా" అన్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. రెండు వడలకూ ఒక ప్లేటు పొంగలుకూ చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

యేసుపాదానికి ఇదేమీ అర్థం కాలేదు. "మీరెవురు సార్? నా కోసం ఇంత దూరం వచ్చినారు?" అన్నాడు.

"నీ కాయితం రాసేవాళ్ళం. ఒక నక్షత్రం వేసేది మరిచిపోయినాం. ఇచ్చి పోదామని వచ్చినాం" అన్నారు ఆయన. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, రిపోర్టు మీద ఆ అంకె పక్కన చేత్తోనే నక్షత్రం వేశారు. తప్పు హద్దు కొట్టేసి సరైనది రాశారు. తరవాత అతన్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళి, ఫోనులో మేరీ అక్క పంపిన కొత్త రిపోర్టు చూపించి, తప్పు మా ప్రోగ్రాముదని చెప్పారు. నా తప్పని అనలేదు. ఇంజెక్షను లేకుండానే స్కానింగు చేస్తామని, రేపు పరగడుపున రమ్మని డాక్టరు రాసిచ్చింది. కిడ్నీ డాక్టరును కూడా చూడమంది. ఇప్పుడే తెలిసింది కాబట్టి మందులతో కాపాడుకోవచ్చంది.

ముగ్గురం క్యాంటీనుకు వెళ్ళాం. పురసవాక్కం నుంచి ఫోనొచ్చింది. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళకు అనవసరంగా నక్షత్రం పడిందట. ఫోన్ చేసి ఏమీ లేదని చెబితే, ఒకావిడ ఉప్పు మానాలని అప్పటికే ఊరగాయ జాడీ పక్కింటికి ఇచ్చేశానని, తిరిగి ఎలా అడగనని లబలబలాడిందట. ఆయన ఇంకోసారి నవ్వారు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. చెప్పేశాను, ఆడ అంటే ఏమనుకున్నానో, ఈడ అంటే ఏమనుకున్నానో.

ఆయన నన్ను వింతగా చూశారు. "మీ ఊర్లో ఆడ అంటే ఆడోళ్ళు మాత్రమేనా? అప్పుడు ఆడికి ఏమంటారు?"

"అక్కడ అంటాం సార్."

"మేము రెంటికీ ఆడ అనే అంటాం. మాకు ఎప్పుడూ తికమక పడలా." బిల్లు కాగితం తిరగేసి, పెన్ను నా చేతిలో పెట్టారు. "తెలుగులో రాయి చూద్దాం."

రాశాను. ఆ, డ.

"ఇది ఏ ఆడ?"

"రెండూ ఇదే సార్. ఒకేలా రాస్తాం."

ఆయన ఆ రెండు అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా తిప్పారు. "రెండూ ఒకే మాదిరి ఉంటే ఎట్ల పాపా తెలిసేది?"

"పక్కన ఏం రాశారో చూసి తెలుసుకోవాలి సార్."

"నేను పక్కన ఏమీ రాయలా కదా" అన్నారు. కాఫీ చల్లారిపోయేదాకా ఆ కాగితం వంకే చూస్తూ కూర్చున్నారు. "అయితే తప్పు నీది సగం, నాది సగం. రేపు ఇద్దరం కూర్చోని అన్ని పేర్లూ మారస్తాం."

అన్ని పేర్లూ వద్దు సార్, ఆ రెండే చాలు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"నాకు తెలుగు రాసేది రాదు పాపా. చదివేదీ రాదు. బళ్ళో తమిళం. మా నాయనకే రాదు, నాకెవురు నేర్పిస్తారు? ఇంట్లో మాట్లాడేది ఒక్కటే దా. ఈ కంప్యూటర్ వచ్చినాక, ఇంగ్లీషు అక్షరాల్లో మా ఇంటి మాటలు ఆడొకటి ఈడొకటి రాసుకున్నా. ఇన్నేండ్లు రాసినా. ఎవురూ చదవరనే అనుకున్నా. తమిళోళ్ళు అదేందో కంప్యూటర్ మాట అనుకుంటారు." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "నువ్వొచ్చి చదివినావు."

"తప్పుగా చదివాను సార్."

"చదివినావు కదా పాపా."

అంతసేపూ బిగబట్టుకున్నది ఇక ఆగలేదు. క్యాంటీనులో, అందరి మధ్యా, చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన నీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు. ఎదురుగా కూర్చున్న యేసుపాదం నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూశాడు. అతనికి జాలేసినట్టుంది.

"ఎందుకమ్మా ఏడస్తావు? రేపు రమ్మనినారు, అంతే కదా. రేపు ఏమీ తినకుండా వస్తాలే" అన్నాడు.